మణికట్టు దగ్గర ఆగిన మాట

పాప మళ్లీ నా మోచేతి మీద తడుతోంది, అంటే నన్ను చూడు అని, చూస్తే ఏదో ఒకటి అడుగుతుంది, అడిగితే జవాబు చెప్పాలి, జవాబు చెప్పాలంటే సంచి కింద దాచుకున్న కుడిచెయ్యి బయటికి తియ్యాలి, అందుకని ఎదురుగోడ మీద శబ్దం లేకుండా ఆడుతున్న టీవీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఈ హాల్లో టీవీకి గొంతు లేదు, మా పాపకి వినికిడి లేదు, నాకు చెయ్యి లేదు, ముగ్గురం బాగా కుదిరాం అనుకుంటే నవ్వొచ్చింది, వచ్చినంత తొందరగానే పోయింది. అయిదేళ్ల పిల్లకి అమ్మ కావాలనే చూడట్లేదని తెలియదా, తెలుస్తుంది, తట్టే వేళ్లలో బలం తగ్గుతోంది, ఇంకాస్త ఆగితే మానేస్తుంది. మానేసింది. కుర్చీ అంచున కూర్చుని తన బూట్ల వంక చూసుకుంటోంది. ఒక గంట ఆగాలన్నాడు కాంపౌండరు, మీ ముందు చాలామంది ఉన్నారమ్మా అని.

ఈ గంటలో నేను గట్టిపరచుకోవాల్సింది ఒక్కటే మాట. లోపలికి వెళ్లగానే డాక్టరుగారు నోరు తెరవకముందే నేనే తెరిచి, సార్, ఈ ఒక్కసారికి ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి అనాలి. ఆయన అద్దాల పైనుంచి చూస్తారు. కిందటిసారి సూది తీస్తూనే చెప్పారు, "ఇది రెండోది. మూడోది అడగొద్దు. మళ్లీ వస్తే ఆపరేషనే, నరం నలిగిపోతోంది, నేను దాన్ని మత్తులో పెడుతున్నాను తప్ప బాగుచెయ్యట్లేదు" అని. అప్పుడు తలూపాను. తలూపడానికి మణికట్టు అక్కర్లేదు కదా. కాని వచ్చేవారం ఆఫీసులో టెస్టు, స్పీడు ఎంత, తప్పులెన్ని అని అందరినీ కూర్చోబెట్టి చూస్తారు, సగంమందినే ఉంచుతారని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆపరేషన్ అంటే వారాలకు వారాలు కట్టు, కట్టుతో టెస్టుకి కూర్చోలేను, కూర్చోకపోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. మా ఆయన గోడౌన్ జీతంతో అద్దె గడుస్తుంది, పాప బడి గడవదు. ఆ బడి లేకపోతే పాపకి మాట లేదు. కాబట్టి ఇంజెక్షన్. సార్, ఈ ఒక్కసారికి. గొంతు బతిమాలినట్టు ఉండకూడదు, దబాయించినట్టూ ఉండకూడదు.

హాలంతా చేతులే. కాళ్లు విరిగినవాళ్లు, నడుం పట్టేసినవాళ్లు ఎక్కడికి పోయారో, ఈ ఊళ్లో జబ్బులన్నీ మణికట్టు దగ్గరికి వచ్చి ఆగినట్టున్నాయి. నా ఎదురుగా ఒక కుర్రాడు, రెండు చేతులకీ నల్లటి పట్టీలు, ఫోను మోగితే పెళ్లాం తీసి అతని చెవి దగ్గర పెడుతోంది, అతను దర్జాగా "ఆ, చెప్పండి" అంటున్నాడు, మహారాజులా. అతని పక్కన బ్యాంకులో పనిచేసే ఆవిడ అందరికీ సలహాలిస్తోంది. ఉప్పు వేసిన వేడినీళ్లలో ముంచండి, కీబోర్డు కిందికి దించండి, మోచెయ్యి వేలాడకూడదు, మధ్యమధ్య లేచి పిడికిలి ముడిచి విప్పండి. "ఇవన్నీ చేస్తే తగ్గిందా మీకు?" అని కుర్రాడి పెళ్లాం అడిగింది. "తగ్గితే ఇక్కడెందుకుంటానమ్మా," అంది ఆవిడ, "నేను మొదలుపెట్టేసరికే ఆలస్యమైంది, మీరైనా చెయ్యండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే సంచి కింద బొటనవేలిని చూపుడువేలితో తాకి చూసుకున్నాను, తాకిన సంగతి చూపుడువేలికి తెలిసింది, బొటనవేలికి తెలియలేదు.

విచిత్రమేమిటంటే ఈ జబ్బు స్పెల్లింగ్ నాకు జబ్బు కంటే ముందే వచ్చు. నా పనే అది. ఎక్కడెక్కడి డాక్టర్లో రోగిని చూశాక మెషీన్లో గబగబా చెప్పేసి పోతారు, అది హెడ్‌ఫోన్లో విని మేము టైపు చెయ్యాలి. చెవి వింటుంటే, కింద కాలు పెడల్ తొక్కి ఆ గొంతును ఆపుతూ వదులుతూ ఉంటే, వేళ్లు వాటంతట అవే పోయేవి, ఆ రోజుల్లో నాకు ఆ పనంటే ఇష్టంగానే ఉండేది, ఎవరికీ చెప్పలేదు గాని ఇష్టమే. బొటనవేలి మొదట్లో కండ తగ్గింది, రోగికి విశ్రాంతి సూచించాం. ఈ వాక్యం ఎంత తరచుగా వచ్చేదంటే మూడక్షరాలు కొడితే మొత్తం పడేట్టు షార్ట్‌కట్ పెట్టుకున్నాను. ఎవరి చెయ్యో పాపం అని ఒక్కనాడూ అనుకోలేదు, తప్పు లేకుండా పడిందా లేదా అంతే. ఇప్పుడు మెషీనే విని మెషీనే రాసేస్తుంది, మేము దాని తప్పులు దిద్దాలి. బయటివాళ్లు పని తగ్గిందనుకుంటారు. మా అత్తయ్యయితే, మెషీను రాస్తుంటే నువ్వు చూస్తూ కూర్చుంటావా, దానికి జీతం కూడానా అంది. టైపు చేసేటప్పుడు బరువు పది వేళ్లూ పంచుకునేవి, దిద్దేటప్పుడు అంతా మౌసే, పట్టుకో, లాగు, నొక్కు, పట్టుకో, లాగు, నొక్కు, కుడి మణికట్టు ఒకవైపుకి వంగినది వంగినట్టే సాయంత్రం దాకా.

మొదట చిమచిమలు. తర్వాత పొద్దున లేచేసరికి చెయ్యి పక్కన ఎవరిదో పడుకోబెట్టినట్టుండేది, విదిలిస్తే గాని నాది అయ్యేది కాదు. ఆఫీసువాళ్లు మంచివాళ్లే, కాదనను. ఒకావిడను పిలిపించి కుర్చీ ఎత్తు, తెర ఎత్తు అన్నీ కొలిపించారు, గోడకి బొమ్మలు అంటించారు, చేతులు పైకెత్తి నవ్వుతున్న ఆడమనిషి బొమ్మలు. విశ్రాంతి తీసుకోండి అని తెర మీద ఒక డబ్బా వచ్చేట్టు పెట్టారు, అది వచ్చి సరిగ్గా దిద్దుతున్న వాక్యం మీదే కూర్చుంటుంది, దాన్ని మూసెయ్యడానికి ఇంకోసారి నొక్కాలి. అందరం నొక్కేవాళ్లం. ఆగితే లెక్క తగ్గుతుంది, తగ్గితే టీమ్ లీడరు తెర ఎర్రబడుతుంది. విశ్రాంతి తీసుకోమనేదీ వాళ్లే, తీసుకుంటే ఎర్రగా చూపించేదీ వాళ్లే. మణికట్టు కింద పెట్టుకోమని మెత్తటి దిండు ఒకటి ఇచ్చారు, ప్రాణం లేచొచ్చింది, పొద్దుటినుంచి సాయంత్రం దాకా దాని మీదే చెయ్యి మోపి కూర్చున్నాను, తర్వాత ఈ డాక్టరుగారే చెప్పారు, ఆ నరం వెళ్లేది సరిగ్గా అక్కడేనమ్మా, రోజంతా మీ బరువుతో మీరే దాన్ని తొక్కారు అని.

అంతకంటే పెద్ద తెలివితక్కువతనం మొదటి ఇంజెక్షన్ తర్వాత చేశాను. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. చెయ్యి తేలిపోతోంది. డాక్టరుగారు విశ్రాంతి ఇమ్మన్నారు, నేనేమో వెనకబడిన ఫైళ్లన్నీ ముందేసుకుని, ఎవరు సెలవు పెడితే వాళ్లవి కూడా నేనే తీసుకుని, నొప్పి లేనప్పుడే కదా చెయ్యాలి అని రెండింతలు దిద్దాను. మా టీమంతా ఇంతే, సూది పొడిపించుకున్నవాళ్లని చూడగానే గుర్తుపట్టొచ్చు, ఆ వారం వాళ్లే అందరికంటే ముందుంటారు. మాలో రైలింజన్ అని ఒకావిడ ఉండేది, ఆ పేరు ఆవిడ వేగానికి. ఒకరోజు పట్టీ కట్టుకుని వచ్చింది, దాచకుండా, బల్ల మీద అందరికీ కనపడేట్టు. టీమ్ లీడరు ఎంతో మర్యాదగా "మీకు తేలిక పని ఇస్తామండీ" అన్నాడు. తేలిక పని అంటే ఏమీ పంపకపోవడం అని నెల తిరిగేసరికి తెలిసింది. వెళ్లే ముందు బాత్రూంలో నా పట్టీ బిగిస్తూ ఆవిడే నేర్పింది నాకు. "ఇది ఇక్కడే కట్టుకో, ఇక్కడే విప్పు. చెయ్యి ఎలా ఉన్నా ఫరవాలేదు గాని ముఖం అలా పెట్టకు తల్లీ, ముఖం చూసే పట్టేస్తాడు వాడు." అప్పటినుంచి ఆఫీసులో నా ముఖం ఇస్త్రీ చేసినట్టుంటుంది. నా చెయ్యి నాకే చెయ్యిచ్చిందన్న సంగతి అక్కడ ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పాప కుర్చీ దిగింది. దూరం పోలేదులే, ఇక్కడిక్కడే, నీళ్ల కూజా దగ్గర. కుర్రాడి పెళ్లాం కిందికి దింపిన చంటిపిల్లను చూస్తోంది, ఏడాది కూడా నిండి ఉండదు, కుర్చీ కాలు పట్టుకుని నిలబడి ఊగుతోంది. ఆడుకోనీ, కాసేపు నన్ను వదిలేస్తుంది అనుకున్నాను. ఎప్పటినుంచి ఇలా అయ్యాను నేను. పాపకి వినపడదని తెలిసిన ఏడాది నేను ఏడవలేదు, ఏడవడానికి తీరిక లేదు, బడి టీచరు దగ్గర పాప కంటే ముందు కూర్చుని సైగలు నేర్చుకున్నాను, బస్సులో వేళ్లు తిప్పుకుంటూ పోతుంటే పిచ్చిదనుకున్నారు జనం. మా ఆయనకి తిండి, నిద్ర, వద్దు, ఈ మూడే వచ్చు, అవి కూడా ట్రాఫిక్ ఆపినట్టు చేస్తాడు. అత్తయ్య గట్టిగా అరిస్తే వినపడుతుందనే ఇంకా నమ్ముతోంది. పాపకి లోకంలో మాట అంటే నేను. మొదట్లో ఎన్ని చెప్పేదాన్ని, బస్సు ఎందుకు ఆగింది, వాన ఎక్కడినుంచి వస్తుంది, చీమలు ఎక్కడికి పోతున్నాయి, కథలయితే మంచం మీద రెండు చేతులూ గాలిలో ఎగిరిపోయేవి, పాప నోరు తెరుచుకుని నా చేతుల వంకే చూసేది, ఏదో వెలుగు చూసినట్టు.

ఇప్పుడు సాయంత్రం ఇంటికి పోయేసరికి చెయ్యి అయిపోయి ఉంటుంది. ఆ మాటకి అర్థం ఈ హాల్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. పొద్దుట సంచిలో పెట్టుకుపోయిన నీళ్లు ఎవరో తాగేసినట్టు, ఖాళీ. అప్పుడు పాప అడుగుతుంది, ఎందుకు, ఎక్కడ, ఎవరు. నేను కథలు ఆపేశాను, తర్వాత ఎందుకులు ఆపేశాను, మణికట్టు తిప్పాల్సిన మాటలన్నీ ఒక్కొక్కటే వదిలేసుకుంటూ వచ్చి, తిను, పడుకో, తర్వాత, అక్కడికి వచ్చి నిలబడ్డాను. మా ఆయన కంటే ఎక్కువేం కాదు. రా అన్న మాట ఒక్కటి మానలేదు. చెయ్యి చాచి, అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు దగ్గర వంచి లోపలికి లాక్కోవాలి, నరాన్ని పిండినట్టుంటుంది, అయినా మానలేదు, బడి బస్సు దిగగానే వీధి అవతల నిలబడి చూస్తుంది కదా, రా అనకపోతే ఎలా. ఆఫీసులో పళ్ల బిగువున ఆపుకున్నదంతా అక్కడ, వీధిలో, ఆ ఒక్క మాటతో బయటికి వచ్చేస్తుంది. ఎవరు చూస్తారు, నా కూతురే కదా చూసేది.

టీచరు మొన్న అడిగింది, ఇంట్లో ఎవరైనా కోప్పడుతున్నారా అని. లేదన్నాను. పాప మాటలు తగ్గాయండీ అంది. వచ్చేవారం అయిపోతే అంతా సర్దుకుంటుంది అన్నాను, ఏం అయిపోతే అని ఆవిడ అడగలేదు. టెస్టు అయిపోతే, ఇంజెక్షన్ పనిచేస్తుంది కదా ఒకటి రెండు నెలలు, ఆ నెలల్లో చెయ్యి తేలిగ్గా ఉంటుంది, అప్పుడు మళ్లీ కథలు చెప్తాను, చీమలు, వాన, అన్నీ. నిజంగానా అని నాలో నేనే అడిగాను. కిందటి రెండుసార్లూ చెప్పావా. రెండుసార్లూ ఆ తేలికదనమంతా తీసుకుపోయి మెషీను తప్పులు దిద్దడానికి పోశావు, పాపకి ఒక్క చీమ కూడా రాలేదు. సరేలే, ఈసారి అలా కాదు. సార్, ఈ ఒక్కసారికి.

ఎవరో నవ్వుతున్నారు. కుర్రాడు. పాప నేల మీద గొంతుకూర్చుని ఉంది, ఎదురుగా చంటిపిల్ల కుర్చీ కాలు వదిలేసి, ఏ దన్నూ లేకుండా నిలబడి, అడుగు వెయ్యనా వద్దా అన్నట్టు ఊగుతోంది. పాప దాన్ని పిలుస్తోంది. చెయ్యి చాచింది, అరచెయ్యి పైకి తిప్పింది, మణికట్టు దగ్గర వంచి లాక్కుంది, రా. రా అంటూ కుడికన్ను గట్టిగా మూసింది, కనుబొమలు దగ్గరికి ముడిచింది, పెదవి ఒక మూలకి లాగి పళ్లు బిగించింది. చెయ్యి దించగానే ముఖం మామూలైంది. మళ్లీ ఎత్తింది, రా, మళ్లీ అదే కన్ను, అవే పళ్లు. చంటిపిల్ల ఎత్తబోయిన అడుగు ఎత్తకుండా ఆ ముఖం వంక చూసి, కింద కూలబడి ఏడుపు లంకించుకుంది. పాపకి ఏడుపు వినపడదు, నోరు తెరవడం కనపడుతోంది, ఇంకా బాగా చెప్పాలనుకుందో ఏమో, ఈసారి ముఖమంతా మెలితిప్పి చెప్పింది. కుర్రాడు తన పట్టీల చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగి, "ఏంటండీ, మీ పాపకి కూడా చెయ్యి నొప్పా?" అన్నాడు.

లేదండీ అన్నాను. టీచరు మొదటిరోజే చెప్పింది, ముఖం కూడా మాటలో భాగమే, ప్రశ్నకి కనుబొమలు ఎత్తాలి, కాదనేటప్పుడు ముడవాలి, ముఖం వదిలేస్తే సగం మాటే చెప్పినట్టు, పిల్లలు చేతుల కంటే ముందు ముఖాన్నే చూస్తారు అని. పాప చూసింది. బాగా చూసింది. వీధి అవతల నిలబడి రోజూ చూసి, అమ్మ దగ్గరికి రా అన్న మాట ఇలా ఉంటుందని నేర్చుకుంది. బడిలో ఎంతమందిని ఇలా పిలిచి ఉంటుంది, ఎంతమంది వెనక్కి తగ్గి ఉంటారు, మాటలు తగ్గాయండీ. నేను నొప్పిని మోస్తున్నాననుకున్నాను, ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను, నా కూతురికి అది మాట అనుకుని ఇచ్చాను.

సంచి పక్కన పెట్టి వెళ్లి పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. కుడిచెయ్యి చాచాను. ఆఫీసులో పెట్టుకునే ముఖం ఉంది కదా, అది పెట్టుకున్నాను, ఇంకొంచెం నవ్వు కలిపాను, కళ్లలోకి నీళ్లొచ్చినా కన్ను ముయ్యలేదు, అరచెయ్యి తిప్పి, వంచి, లాక్కున్నాను. రా. ఇలా, బుజ్జీ, నవ్వుతూ. పాప నన్ను వింతగా చూసింది. తల అడ్డంగా ఊపింది. కాదు. ఇంకోసారి చేశాను. కాదు కాదు అంది, అని నా మీదికి వంగి, బడిలో టీచరు తనకి దిద్దినట్టే ఓపికగా, రెండు బొటనవేళ్లూ నా కనుబొమల మీద పెట్టి దగ్గరికి నొక్కింది. నా పెదవి మూల పట్టుకుని పక్కకి లాగింది. కుడికంటి రెప్పని వేలితో మూసింది. కొంచెం వెనక్కి జరిగి చూసుకుని, ఇప్పుడు సరిగ్గా ఉంది అని తలూపింది.

కాంపౌండరు నన్ను పిలుస్తున్నాడు, రెండోసారో మూడోసారో, గొంతులో విసుగు. పాపని ఎడమచేత్తో ఎత్తుకుని వెళ్లాను. ఇంజెక్షన్ తీసుకుంటే రేపటికల్లా నొప్పి ఉండదు, నొప్పి లేకపోతే ముఖం బాగుంటుంది, వచ్చేవారం టెస్టు, ఉద్యోగం, బడి, అన్నీ ఉంటాయి, ఆ బాగున్న చేతిని మళ్లీ ఎవరికిస్తానో నాకు తెలుసు. డాక్టరుగారు అద్దాల పైనుంచి చూశారు. కూర్చుంటే మాట మారిపోతుందేమోనని తలుపు దగ్గర నిలబడే, "ఆపరేషన్ చెయ్యండి సార్" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, కుట్లు విప్పేదాకా చెయ్యి కదపకూడదని, కోశాక గాని నరం ఎంత మిగిలిందో చెప్పలేనని, బొటనవేలికి బలం తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనని, ఉద్యోగానికి ఏం చేస్తావమ్మా అని అడుగుతున్నారు. నేను ఒక్కొక్కదానికీ సరే సార్, సరే సార్ అంటున్నాను. నా ముఖంలో ఏముందో నాకు తెలియదు, పాప మాత్రం నా మెడ చుట్టూ చేతులు వేసి, రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తోంది.